పర్సు పోయిందని అరిచినవాణ్ని అత్యాశపరుడంటారా?

సంపాదకులు గారికి,

నమస్కారం. మొన్న మీ జిల్లా పేజీలో ఒక చిన్న వార్త వేశారు. పాత ఫ్రిజ్ అమ్మబోయి ఒక పెద్దాయన ఆన్‌లైన్‌లో డబ్బులు పోగొట్టుకున్నాడని. పైన 'అత్యాశకు పోతే అంతే మరి' అని హెడ్డింగు. పక్కనే నోరు తెరుచుకుని నిలబడ్డ ముసలాయన బొమ్మ. మా టీ కొట్టు దగ్గర దాన్ని పైకి చదివి అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక అన్నం సయించలేదు. ఎందుకంటే ఆయన ఫ్రిజ్ అమ్మబోయాడు, నేను ఉయ్యాల బల్ల అమ్మబోయాను. తేడా అంతే.

నేను తెనాలి డిపోలో 31 ఏళ్ళు కండక్టరుగా చేసి రిటైరయ్యాను. ఎవరో తెలియని మనుషుల చేతుల్లోంచి రోజంతా డబ్బు తీసుకోవడం, తిరిగి ఇవ్వడం, అదే నా ఉద్యోగం. దొంగ నోటు వేలికి తగిలితే చాలు, చూడక్కర్లేకుండా చెప్పేవాణ్ని. చిల్లర లేకపోతే టికెట్ వెనక బాకీ రాసిచ్చి, దిగేలోపు ఆ మనిషిని వెతుక్కుని మరీ ఇచ్చేవాణ్ని. కలెక్షన్ కట్టేటప్పుడు రూపాయి తగ్గినా అది నా జేబులోంచే పోవాలి కదా. అలాంటివాణ్ని పదహారు నిమిషాల్లో 36 వేలు పోగొట్టుకున్నాను. పదహారు నిమిషాలని ఊరికే అనడం లేదు, బ్యాంకు మెసేజీల మీద టైం ఉంది. మొదటిది 11.10కి, ఆఖరిది 11.26కి.

ఆ బల్ల మా నాన్న చేయించినది. టేకు చెక్క, ఇత్తడి గొలుసులు. పెంకుటిల్లు తీసేసి అపార్ట్‌మెంటులో చేరాం. అక్కడ దూలం లేదు, కొక్కేలు లేవు, నలుగురు కూర్చునే బల్ల పెట్టడానికి చోటూ లేదు. ఏడాదిపాటు బాల్కనీలో గోడకి ఆనించి పెట్టాం. వాన జల్లుకి పాడైపోతుందని మా ఆవిడ రోజూ గోల. ఎదురింటి ఇంటర్ చదివే కుర్రాడు "తాతగారూ, ఫోటో తీసి యాప్‌లో పెడతాను, ఇట్టే పోతుంది" అన్నాడు. 18 వేలకి పెట్టాం. పది నిమిషాలు తిరక్కుండానే ఫోనొచ్చింది.

అవతల మనిషి హిందీలో మాట్లాడాడు, మధ్య మధ్య ఇంగ్లీషు. తను ఆర్మీలో పనిచేస్తున్నానని, బాపట్ల దగ్గర సూర్యలంకకి ట్రాన్స్‌ఫరైందని, క్వార్టర్‌లో వేసుకోవడానికి బల్ల కావాలని అన్నాడు. యూనిఫాం ఫోటో, గుర్తింపు కార్డు, క్యాంటీన్ కార్డు వాట్సాప్‌లో గబగబా పంపాడు. సర్, సూర్యలంకలో ఉన్నది ఎయిర్‌ఫోర్స్ స్టేషన్. ఆ రూట్లో తిరిగినవాణ్ని, నాకు తెలియని సంగతి కాదు. ఆ ముక్క నా బుర్రలో ఒకసారి మెదిలింది కూడా. దాన్ని నేనే సర్దేసుకున్నాను, ఇతగాడు నాకు సులువుగా అర్థం కావాలని ఆర్మీ అంటున్నాడేమోలే అని. మోసం చేసేవాడు సగం కథే చెప్తాడు, మిగతా సగం మనమే కుట్టుకుంటామని తర్వాత అర్థమైంది.

ఇంకోటి. అతను బేరమాడలేదు. మా ఊళ్ళో రెండు వంకాయలు కొసరు వేయించుకోకుండా ఎవరూ సంచీ మూయరు. ఇతను 18 వేల వస్తువుని చూడకుండా, తట్టకుండా, గొలుసులు ఇత్తడివా పూతా అని అడక్కుండా ఓకే అన్నాడు. పైగా నేనే, మిలిటరీ మనిషి కదా అని, అయిదొందలు తగ్గిస్తానన్నాను. "వద్దు సర్, మీ నాన్నగారి వస్తువు, రేటు తగ్గించకూడదు" అన్నాడు. ఆ మాటకి నేను కరిగిపోయాను. ఇక్కడ అత్యాశ ఎక్కడుందో మీరే చెప్పండి.

తర్వాత జరిగింది వివరంగా రాస్తాను, మీ వార్తలో లేనిది అదే కాబట్టి. మా ఆర్మీ ఖాతాలకి సిస్టం వేరు, ముందు మీ ఖాతా పనిచేస్తోందో లేదో చూడాలి, ఒక రూపాయి పంపండి, రెండు రూపాయలు వెనక్కొస్తాయి అన్నాడు. పంపాను. నిజంగానే రెండు రూపాయలు వచ్చాయి. నన్ను పడగొట్టింది 36 వేలు కాదు సర్, ఆ రెండు రూపాయలే. డబ్బు వచ్చిందని మెసేజ్ నా కళ్ళతో చూశాక ఇక అనుమానం ఎక్కడిది? వెంటనే 9 వేలు అడ్వాన్సు అని క్యూఆర్ బొమ్మ పంపాడు. నా ఫోనుకి వచ్చిన బొమ్మని నా ఫోన్‌తోనే ఎలా స్కాన్ చేయాలో తెలియక, మా ఆవిడ ఫోనుకి పంపి, దాని మీద నా ఫోను పెట్టాను. "స్కాన్ చేసి పిన్ కొట్టండి సర్, మీకు వచ్చేస్తుంది." కొట్టాను. 9 వేలు వచ్చాయా? పోయాయి.

"అయ్యో, తప్పు పడింది సర్, టెన్షన్ పడకండి, రివర్స్ చేస్తాను" అని ఇంకో బొమ్మ. ఇంకో 9 వేలు పోయాయి. "ఇప్పుడు మొత్తం 18 ఒకేసారి రివర్స్ చేయాలి" అని మూడోది. అప్పటికి నాకు చెమటలు. పోయినవి తెచ్చుకోవాలన్న ఆత్రమే తప్ప, ఆగి చూద్దామన్న ఆలోచనే రాలేదు. స్పీకర్ ఆన్‌లో పెట్టించాడు, ఒక్క క్షణం మౌనంగా ఉండనివ్వలేదు. ఇవాళ డబ్బులు పంపే యాప్ తెరిచి చూస్తే, పిన్ అడిగే చోట ఎవరికి ఎంత వెళ్తోందో పేరుతో సహా కనిపిస్తుంది. ఆరోజూ కనిపించే ఉంటుంది. నా కళ్ళజోడు నుదుటి మీద ఉంది.

నా భాషలో చెప్తాను. పిన్ అంటే కండక్టరు డబ్బు సంచీకి తాళం. చిల్లర ఇచ్చేవాడు తన సంచీ తెరవాలి, పుచ్చుకునేవాడు చెయ్యి చాపితే చాలు. మనకి డబ్బు రావడానికి పిన్ కొట్టే పని యూపీఐలో లేదు, ఎప్పుడూ లేదు. క్యూఆర్ బొమ్మ కూడా అంతే. అది 'డబ్బులు ఇక్కడ వేయండి' అని చెప్పే హుండీ లాంటిది. హుండీ దగ్గరికి వెళ్ళి డబ్బు తెచ్చుకుంటానని ఎవరైనా అంటారా? ఇదివరకు ఇంకో దారి ఉండేది. డబ్బు పంపుతున్నామని చెప్పి, పంపమని అడిగే రిక్వెస్ట్ పెట్టేవాళ్ళు, చూసుకోకుండా ఒప్పుకుంటే పోయేది. మనిషికీ మనిషికీ మధ్య అలా అడిగే పద్ధతిని 2025 అక్టోబరు 1 నుంచి యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ ఆపించింది. క్యూఆర్‌ని ఆపడం ఎవరి తరమూ కాదు, సోడా బండి నుంచి చెప్పుల స్టాండు దాకా అదే కదా.

ఇప్పుడు అసలు విషయం. మా బస్సుల్లో 'జేబు దొంగలున్నారు జాగ్రత్త' అని రాసి ఉంటుంది. నా సర్వీసులో ఎన్ని పర్సులు పోయాయో లెక్కలేదు. పర్సు పోయినవాడు రెండు రకాలు. ఒకడు జేబు తడుముకున్న మరుక్షణం "కండక్టర్ గారూ, నా పర్సు!" అని బస్సు దద్దరిల్లేలా అరుస్తాడు. నేను విజిల్ వేసేవాణ్ని, డ్రైవరు తలుపులు వేసేవాడు, బండి నేరుగా పోలీస్ స్టేషన్ ముందు ఆగేది. స్టేషన్ దాకా కూడా అక్కర్లేదు, తలుపులు పడగానే చాలాసార్లు పర్సు సీటు కింద దొరికేది, దొంగే పడేసేవాడు. రెండో రకం మనిషి సిగ్గుపడతాడు. ముందు సంచీ వెతుక్కుంటాడు, ఇంట్లో మర్చిపోయానేమో అనుకుంటాడు, పక్కవాణ్ని అనుమానిస్తే బాగోదనుకుంటాడు. ఈలోపు రెండు స్టాపులు దాటతాయి. అప్పుడు నా దగ్గరికొచ్చి గొణుగుతాడు. దొంగ ఎప్పుడో దిగి టీ తాగుతుంటాడు.

పర్సు పోయినవాణ్ని చూసి ఆ బస్సులో ఏ ఒక్కరూ 'అత్యాశకి పోయాడు' అనగా నేను వినలేదు. మహా అయితే జాగ్రత్తగా ఉండాల్సింది అనేవాళ్ళు, చేతిలో పది రూపాయలు పెట్టి ఇంటికి పంపేవాళ్ళు.

ఇంత తెలిసిన నేను రెండో రకం మనిషినయ్యాను. రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడ "ఆ మిలిటరీ ఆయన బల్ల కోసం ఎప్పుడొస్తాడు?" అంటే వానలు తగ్గాక అన్నాను. వానలే లేవు, నడి వేసవి. కొడుక్కి చెప్తే నవ్వుతాడని కాదు, నవ్వడు, ఫోన్ తీసేసుకుంటాడు. 'నాన్నా, ఇక డబ్బుల సంగతి మేం చూసుకుంటాంలే' అంటాడు. ముప్ఫై ఏళ్ళు డబ్బు లెక్కపెట్టినవాడికి ఆ మాట ఎలా ఉంటుందో ఊహించండి. మా వయసువాళ్ళు నోరు విప్పకపోవడానికి సగం కారణం ఇదే. మిగతా సగం మీ హెడ్డింగు.

ఆ రెండు రోజుల్లో రెండో దొంగ కూడా తగిలాడు. రాత్రిపూట ఒక్కణ్నే కూర్చుని, పోయిన డబ్బు వెనక్కి రావాలంటే ఏం చేయాలని ఫోన్లో వెతికాను. ఒక కస్టమర్ కేర్ నంబరు వచ్చింది. చేశాను. చాలా మర్యాదగా, ఈసారి తెలుగులోనే, "మీ డబ్బు మా దగ్గర ఆగి ఉంది సర్, ఒక యాప్ వేసుకోండి, మీ స్క్రీన్ మాకు కనిపిస్తే మేమే ఫారం నింపేస్తాం" అన్నాడు. ఇక్కడ మాత్రం పాత కండక్టరు లేచాడు. చెకింగ్ వాళ్ళు బస్సెక్కితే వాళ్ళెవరో తెలిసే దాకా సంచీ మీద చెయ్యి వేయనిచ్చేవాణ్ని కాదు. "మీ ఆఫీసు ఏ ఊళ్ళో ఉంది, రేపు పొద్దున వస్తాను" అన్నాను. పెట్టేశాడు.

మూడో రోజు పాలవాడి డబ్బులు ఇవ్వబోతే ఖాతాలో చాలలేదు. అప్పుడు మా ఆవిడ ముందు మొత్తం చెప్పాను. ఆవిడ తిట్టలేదు. "ముందు ఆ పోలీసు నంబరుకి చెయ్యండి" అంది. 1930. సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు అది. ఆవిడకెలా తెలుసంటే, ఇదివరకు ఫోన్ రింగయ్యే ముందు వచ్చే ప్రకటనలో వినేదట. అందరం విసుక్కున్న ఆ ప్రకటనని ఇంట్లో ఒక్క మనిషి విన్నది.

1930 వాళ్ళు ఏం అడుగుతారో రాస్తాను, ఎవరికైనా ఉపయోగపడుతుంది. ఏ బ్యాంకు నుంచి పోయింది, ఎంత, ఏ టైంలో, అవతలివాడి నంబరు, ప్రతి లావాదేవీకీ ఉండే పన్నెండంకెల నంబరు. దాన్ని యూటీఆర్ అంటారు, యాప్‌లో ఆ లావాదేవీ తెరిస్తే ఉంటుంది. వాళ్ళు కంప్యూటర్లో ఎక్కించగానే డబ్బు చేరిన బ్యాంకుకి కబురు పోతుంది, అక్కడ మిగిలి ఉన్నది ఆగిపోతుంది. అక్కణ్ణించి ఇంకో బ్యాంకుకి దాటిపోయి ఉంటే వెంటపడి అక్కడికీ వెళ్తుంది. తలుపులు వేసి బండి ఆపడం లాంటిదే ఇదీ. తర్వాత సైబర్ క్రైం పోర్టల్లో ఫిర్యాదు పూర్తి చేయాలి, అది ఎదురింటి కుర్రాడు చేశాడు. వాడికి ఏడుపొకటే తక్కువ, యాప్‌లో పెట్టింది నేనే కదా తాతగారూ అని.

నా మూడు చెల్లింపుల్లో ఆగింది 2,140 రూపాయలు. మిగతాది ఆ రోజు మధ్యాహ్నానికే రెండు మూడు ఖాతాలు దాటి ఏటీఎంలోంచి బయటికి వెళ్ళిపోయింది. ఆ 2,140 కూడా ఇంకా చేతికి రాలేదు, కాగితాలు పెట్టుకున్నాను. స్టేషన్‌లో కానిస్టేబుల్ పిల్లాడు లెక్క చూసి, "మొదటి గంటలో చేసుంటే చాలావరకు ఆగేది పెద్దాయనా" అన్నాడు. మెల్లగానే అన్నాడు. అయినా గుచ్చుకుంది.

బ్యాంకులో ఇంకో సంగతి తెలిసింది. మన ప్రమేయం లేకుండా బయటివాడెవడో డబ్బు లాగేస్తే, మూడు పనిదినాల్లోపు బ్యాంకుకి చెప్తే మనకి నష్టం లేకుండా చూడాలని 2017 జూలైలో రిజర్వు బ్యాంకు ఉత్తర్వు ఇచ్చింది. కానీ నేను పిన్ నా చేత్తోనే కొట్టాను కాబట్టి నాకు అది వర్తించదన్నారు. కాబట్టి నా లాంటి కేసులో పెద్ద ఆశ ఆ మొదటి గంటే. ఈ ముక్క మీ వార్తలో ఉంటే ఎంత బాగుండేది!

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. నా డబ్బు మొదట చేరిన ఖాతా ఎవరో ఆడమనిషి పేరు మీద ఉంది. ఆవిడకి ఈ మోసంతో సంబంధం ఉండకపోవచ్చని, కమీషన్ ఇస్తామంటే ఖాతా, ఏటీఎం కార్డు, సిమ్ము అప్పగించేసేవాళ్ళు ఉంటారని స్టేషన్‌లో చెప్పారు. ఫోన్ చేసేవాళ్ళ గురించి అయితే భరత్‌పూర్, నూహ్ అంటూ ఎక్కడెక్కడి పేర్లో చెప్పారు. దూరం ఊళ్ళని తిట్టుకోవడం తేలిక. కానీ ఖాతా అద్దెకివ్వమని అడిగేవాళ్ళు మన కాలేజీల చుట్టూ కూడా తిరుగుతున్నారు. నెలకి ఇంత ఇస్తాం, ఖాతా వాడుకుంటాం అంటే పాకెట్ మనీ కదా అని పిల్లలు ఇచ్చేస్తున్నారు. తర్వాత పోలీసులు ముందు వచ్చేది ఆ పిల్లాడి ఇంటికే. దొంగిలించిన పర్సుని తన సంచీలో దాచిపెట్టిన ప్యాసింజరుని మేం దొంగతో పాటే దింపేవాళ్ళం.

నేను విషయం బయటపెట్టాక మా అపార్ట్‌మెంటులో ఒక్కొక్కరే మెట్ల మీద పట్టుకుని చెప్పడం మొదలుపెట్టారు. కింద బ్లౌజులు కుట్టే అమ్మాయి, రోజూ బట్టతోనే బతుకు కదా, మంగళగిరి పట్టు చీర మగ్గం దగ్గర్నుంచి నేరుగా అన్న రీలు చూసి 1,299 పంపింది. వచ్చినది పాలిస్టరు ముక్క. ఆ పేజీలో కామెంట్లు పెట్టే వీలే లేదు, ఇచ్చిన నంబరు తియ్యరు. ఇప్పుడు ఆ అమ్మాయి కొత్తవాళ్ళ దగ్గర కొనాలంటే ముందు వీడియో కాల్ చేయమంటుంది, చీర అంచు తిప్పి చూపించమంటుంది. చూపిస్తేనే డబ్బులు. మూడో అంతస్తు మాస్టారు ఇంట్లో ఒక్కరే ఉన్నప్పుడు పార్సిల్ వస్తే, కోడలు ఆర్డర్ చేసిందేమో అని 699 కట్టి పుచ్చుకున్నారు. విప్పితే ప్లాస్టిక్ దువ్వెనలు. కోడలు ఏమీ ఆర్డర్ చేయలేదు. ఆరు నెలలుగా ఆయన ఆ దువ్వెనలు పరుపు కింద దాచుకున్నారు సర్! చదువుకున్న మనిషి, వందలమంది పిల్లలకి లెక్కలు చెప్పినవాడు. నా కథ విన్నాకే పరుపు ఎత్తి చూపించారు.

అందుకని మిమ్మల్ని అడుగుతున్నాను. ఇలాంటి వార్త వేసేటప్పుడు అత్యాశ, అమాయకత్వం, బురిడీ అన్న మాటలు తీసేయండి. లాటరీ తగిలిందంటే డబ్బు కట్టినవాడి సంగతి వేరు, దాన్ని అత్యాశ అనుకోండి, ఒప్పుకుంటాను. సొంత వస్తువుని న్యాయమైన ధరకి అమ్ముకునేవాడిలో అది ఎక్కడిది? ఆ చోటు మిగిలితే మోసం ఏ మెట్టు దగ్గర జరిగిందో ఒక్క వాక్యం రాయండి. రూపాయి పంపమన్నాడు, రెండు వచ్చాయి, తర్వాత స్కాన్ చేయించాడు అని. అది చదివినవాడికి రేపు అదే ఫోన్ వస్తే రెండు రూపాయల దగ్గరే గుర్తుకొస్తుంది. వార్త కింద 1930 అని ప్రతిసారీ వేయండి, వాతావరణం, రైళ్ళ టైములు వేసినట్టే. డిపోల్లో, బస్టాండుల్లో కూడా జేబు దొంగల బోర్డు పక్కన ఆ నంబరు రాయించమని పై వాళ్ళకి నేనే ఒక అర్జీ పెట్టుకున్నాను, అది వేరే సంగతి.

ఉయ్యాల బల్ల ఏమైందని అడుగుతారేమో. పోయిన నెల దుగ్గిరాల నుంచి ఒక పసుపు వ్యాపారి భార్యతో సహా వచ్చాడు. బల్ల బోర్లా తిప్పించి చెదలు ఉందేమో చూశాడు. గొలుసు గోటితో గీకి ఇత్తడేనా అన్నాడు. ఆవిడ కూర్చుని ఊగినట్టు చూసి, ఒక పక్క పగులుందంది. నేను లేదన్నాను. 18 అంటే 12 అన్నాడు, గంటసేపు పోట్లాడుకున్నాం, మధ్యలో కాఫీలు కూడా తాగాం. చివరికి 14,500. ఆ గంటా నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. డబ్బు నోట్లలో ఇచ్చాడు, నేను రెండుసార్లు లెక్కపెట్టాను, ఆయనా పక్కన నిలబడి నాతో పాటు లెక్కపెట్టాడు.

పేరు వేసుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. మా ఆవిడకి ఉంది. కాబట్టి ఇలాగే వేయండి.

ఒక రిటైర్డ్ కండక్టరు,
తెనాలి